విశ్వాసము - ప్రేమ: గుండ్లకమ్మ తీరమున ఒక ప్రశ్న

క్రైస్తవుల ఆరాధనలయందును ప్రార్థనలయందును ‘విశ్వాసము’, ‘ప్రేమ’ అను రెండు మాటలు వినవచ్చినంత తరచుగా వేరొక జంట వినరాదు. రెండును సంస్కృతమునుండి తెలుగునకు వచ్చినవే. రెండును పామరులకు సైతము పరిచితములే. ఐనను వీనిలో ఏది ముందు, ఏది వెనుక, ఒకటి లేక మరియొకటి నిలువగలదా అను ప్రశ్న రెండువేల సంవత్సరములుగా తేలక యున్నది. ఐరోపాలో ఈ ప్రశ్న కారణముగా సంఘములు చీలినవి. తెలుగుదేశమున నిది పండితసభలలో గాక, ఒక కరవు కాలమున కాలువ త్రవ్వు కూలీల నడుమ ఉదయించెను. కూటికొరకు మతము మారినవారను నింద నాడు పుట్టినది, నేటికిని ఆరలేదు. ఆ నిందలో నిజమెంతయో తెలియవలెనన్నచో ముందుగా ఆ రెండు మాటల సంగతి కొంత విచారింపవలసి యున్నది.

విశ్వాస శబ్దమునకు మూలము ‘శ్వస్’ ధాతువు. ఊపిరి తీయుట దాని అర్థము. భయము తీరి నిశ్చింతగా ఊపిరి విడువగలిగిన స్థితియే విశ్వాసము. తెలుగులో ఈ మాట రెండు వైపుల పనిచేయును. ఒకడు స్నేహితునియందు విశ్వాసముంచెను అన్నప్పుడు అది నమ్మిక; యజమానుని యెడ విశ్వాసము గల సేవకుడు అన్నప్పుడు అది నమ్మకముగా నడచుకొనుట. విశ్వాసఘాతుకుడనగా నమ్మనివాడు కాడు. తన్ను నమ్మినవానిని చెరచినవాడు. చిత్రమేమనగా, కొత్త నిబంధన వ్రాయబడిన గ్రీకు భాషయందలి ‘పిస్తిస్’ అను మాటకును సరిగా ఈ రెండర్థములును గలవు. పాత నిబంధన భాషయైన హెబ్రీలో ‘ఎమూనా’ అను మాటకు స్థిరత్వము, నిలుకడ అను భావము ప్రధానము. ప్రార్థన చివర పలుకు ‘ఆమేన్’ ఆ కుదురునుండి పుట్టినదే. కనుక క్రైస్తవ గ్రంథములయందు విశ్వాసమనగా దేవుడున్నాడని ఒప్పుకొనుట మాత్రమే కాదు. ఆయనను నమ్మి నిలుచుట, ఆయనకు నమ్మకముగా నుండుట అని రెండును అందు చేరియున్నవి. మన భాషలో ఈ మాట సిద్ధముగా దొరకుట అనువాదకుల అదృష్టము.

‘ప్రేమ’ సంగతి వేరు. ప్రీతి, ప్రియము అను మాటలతో కూడబుట్టినదగుటచే దీని పరిధి చాల వెడల్పు. తల్లికి బిడ్డపైనున్నదియు ప్రేమయే, నాయికానాయకుల నడుమ నున్నదియు ప్రేమయే, భక్తునికి భగవంతునిపైనున్నదియు ప్రేమయే. గ్రీకువారికి వీనికి వేరువేరు పేర్లుండెను. అందు ‘అగాపే’ అనునది కొత్త నిబంధనలో విశేషముగా వాడబడినది. లాటినులో దానిని ‘కారితాస్’ అనిరి. దానినుండియే 1611 నాటి ఆంగ్ల బైబిలులో, పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 13వ అధ్యాయమున, ‘చారిటీ’ అను మాట నిలిచెను. కాలక్రమమున ఆ మాట అర్థము కుంచించుకొనిపోయి దానధర్మములకు పరిమితమయ్యెను. 1881 సవరణలో దానిని తీసి ‘లవ్’ అని వేయవలసి వచ్చెను. తెలుగు బైబిలునకు ఈ చిక్కు రాలేదు. అచట ‘దానము’ అని గాని ‘ధర్మము’ అని గాని పడియుండినచో, ముందు చెప్పబోవు కరవుకథను గూర్చిన వాదము మరియొక దారి పట్టియుండెడిది. ఏలయన ఆ అధ్యాయమున పౌలు తనకున్నదంతయు బీదలకు పెట్టివేసినను ప్రేమ లేనిచో ప్రయోజనము లేదనుచున్నాడు. పెట్టుట వేరు, ప్రేమించుట వేరు అని అతని తాత్పర్యము.

తెలుగు బైబిలు ప్రయత్నములలో తొలిది తెలుగు మండలములలో గాక చెన్నపట్టణమున సాగినదను విషయము రాష్ట్రేతరాంధ్రులు స్మరింపదగినది. జర్మను దేశీయుడైన బెంజమిన్ షుల్జ్ అచ్చటి తెలుగువారి నడుమ నివసించి 1720, 1730 దశకములలో బైబిలును తెలుగు చేసెను. అది అచ్చునకు నోచుకొనలేదు. శ్రీరామపురమునందు తెలుగు కొత్త నిబంధన 1818లో ముద్రితమయ్యెను. ఒడిస్సా సరిహద్దున పర్లాకిమిడి ప్రాంతమున 1803లో జన్మించి, 1833లో కటకమున బాప్తిస్మము పొందిన పురుషోత్తమ చౌదరి తన కీర్తనలలో ఈ రెండు మాటలను రాగతాళములకెక్కించెను. మద్రాసు, బరంపురము, బెంగుళూరు మొదలగు పట్టణములలో తెలుగు చదువుట వ్రాయుట మరచిన కుటుంబములు కొన్ని ఈ కీర్తనల మూలముననే ‘విశ్వాసము’ అను మాటను సరియైన శకారముతో పలుకుచున్నవనుట అతిశయోక్తి కాదు.

ఇక శాస్త్రవిచారము. కొత్త నిబంధనయందే ఈ విషయమున రెండు స్వరములు వినబడును. మనుష్యుడు ధర్మశాస్త్ర క్రియలవలన గాక విశ్వాసమువలననే నీతిమంతుడుగా తీర్చబడునని పౌలు రోమీయులకు వ్రాసిన పత్రికలో వాదించును. క్రియలు లేని విశ్వాసము ప్రాణములేని దేహమువంటిదని యాకోబు పత్రిక చెప్పును. ఇరువురును అబ్రాహామునే ఉదాహరణముగా తీసికొందురు. సంతానములేని ముదుసలి దేవుని వాగ్దానమును నమ్మిన ఘట్టమును పౌలు చూపును. అతడే పిదప కుమారుని అర్పింపబోయిన ఘట్టమును యాకోబు చూపును. ఒకే మనుష్యుని జీవితమున మొదటి పుటను ఒకరు, తరువాతి పుటను మరియొకరు తెరచి చూపినట్లున్నది. నిజమునకు పౌలును ప్రేమను విడిచిపెట్టలేదు. గలతీయులకు వ్రాసిన పత్రికలో, లెక్కకు వచ్చునది ప్రేమద్వారా పనిచేయు విశ్వాసమేయని తేల్చినాడు. యాకోబు చూపిన దృష్టాంతము మరియు గమనింపదగినది: కట్టుబట్ట లేక, తినుటకు తిండిలేక యున్న సహోదరునితో, కడుపునిండ తినుము, చలి కాచుకొనుము అని ఊరక దీవించి పంపువాని విశ్వాసమేపాటిదని అతని ప్రశ్న. ఆకలియు విశ్వాసమును ఒకచోట నిలిచిన సందర్భము బైబిలులోనే కలదన్నమాట.

లూకా సువార్త 7వ అధ్యాయమున ఇంకొక ఘట్టము కలదు. ఒక పరిసయ్యుని ఇంట యేసు భోజనమునకు కూర్చుండియుండగా, ఊరిలో పాపాత్మురాలని పేరుపడిన స్త్రీ వచ్చి కన్నీటితో ఆయన పాదములు తడిపి, తలవెండ్రుకలతో తుడిచి, అత్తరు పూసినది. యేసు ఆమె ప్రేమకును, ఆమె పాపక్షమాపణకును గల సంబంధమును గృహస్థునకు చెప్పి, చివర ఆమెతో, ఆమె విశ్వాసమే ఆమెను రక్షించినదనెను. ప్రేమ, క్షమ, విశ్వాసము మూడును ఒక గదిలో కలిసినవి. ఆమె మిక్కిలి ప్రేమించినందున క్షమింపబడినదా, లేక క్షమింపబడినందున మిక్కిలి ప్రేమించినదా అనునది వ్యాఖ్యాతలకు పెద్ద తగవు. గ్రీకు మూలమునందలి ‘హోతి’ అను చిన్న అవ్యయముపై అది ఆధారపడి యున్నది. దానిని తెలుగున ‘గనుక’ అనవచ్చును.

మన అలంకారశాస్త్రమెరిగినవారికి ఈ చిక్కు విప్పుట కష్టము కాదు. హేతువు కారకమనియు, జ్ఞాపకమనియు రెండు విధములని దండి మొదలగు పెద్దలు చెప్పియున్నారు. వాన కురిసినది గనుక చెరువు నిండినది. ఇచ్చట వాన కారకహేతువు, అనగా కార్యమును పుట్టించునది. కొండమీద పొగ యున్నది గనుక నిప్పున్నది. ఇచ్చట పొగ జ్ఞాపకహేతువు, అనగా ఉన్నదానిని తెలియజేయునది మాత్రమే. పొగ నిప్పును పుట్టింపదు. ఆ స్త్రీ ప్రేమ ఆమె క్షమకు వానయా, పొగయా? అదే అధ్యాయమున యేసు చెప్పిన ఇద్దరు ఋణస్థుల కథలో అప్పు రద్దయిన పిమ్మటనే ప్రేమ పుట్టుచున్నది. ఎక్కువ అప్పు రద్దైనవాడు ఎక్కువ ప్రేమించుచున్నాడు. కథనుబట్టి చూడగా ప్రేమ జ్ఞాపకహేతువే యనుట సమంజసము. ప్రొటెస్టెంటు వ్యాఖ్యాతలు ఈ పక్షమువారు. కాని కారకపక్షమును సమర్థించిన కతోలిక వ్యాఖ్యాతలును పూర్వము కలరు. వారి వాదము తీసివేయదగినది కాదు. ప్రేమయే లేనివాడు క్షమనడుగుటకు ఆ ఇంటి గడప యేల తొక్కునని వారి ప్రశ్న.

ఐరోపా చరిత్రలో ఈ భేదము ఎంతదూరము పోయినదనగా, మార్టిన్ లూథరు 1522లో యాకోబు పత్రికను గడ్డిపరకతో పోల్చెను. కాని ఆ లూథరే 1520లో, క్రైస్తవుని స్వాతంత్ర్యమును గూర్చి వ్రాసిన చిన్న గ్రంథమున, విశ్వాసముచే క్రైస్తవుడు ఎవరికిని లోబడని ప్రభువనియు, ప్రేమచే అందరికిని దాసుడనియు ప్రతిపాదించెను. 1547లో ట్రెంటు మహాసభ, నిరీక్షణయు ప్రేమయు కలియని విశ్వాసము మానవుని క్రీస్తుతో సంపూర్ణముగా ఐక్యపరుపదని నిర్ణయించెను. ఈ వివాదము తీరుటకు నాలుగువందల సంవత్సరములు దాటినవి. 1999 అక్టోబరు 31వ తేదీన జర్మనీలోని ఆగ్స్‌బర్గు పట్టణమున లూథరను, కతోలిక ప్రతినిధులు కలిసి నీతిమత్వమును గూర్చిన ఉమ్మడి ప్రకటనపై సంతకములు చేసిరి. 2006లో మెథడిస్టులును అందు చేరిరి. ఐదవ శతాబ్దమునాటి అగస్టీను ఇట్టి తగవు రాకమునుపే ఒక సూక్ష్మమును చెప్పియుండెను: దేవుడున్నాడని నమ్ముట దయ్యములకును చేతనగును, దేవునియందు నమ్మిక యుంచుట మాత్రము ఆయనను ప్రేమించుటయే.

ఇప్పుడు ఒంగోలు సంగతి. అమెరికను బాప్టిస్టుల తెలుగు మిషను 1836లో శామ్యూల్ డే విశాఖపట్టణమునకు వచ్చుటతో మొదలయ్యెను. మరుసటి సంవత్సరమే అతడు మద్రాసునకు పోయి అచ్చటి తెలుగువారి నడుమ పనిచేసి, 1840లో నెల్లూరు చేరెను. చాలకాలము ఫలము కానరాలేదు. 1853లో దీనిని మూసివేయవలెనా యని అమెరికాలో చర్చయును జరిగెను. 1854 జనవరి 1వ తేదీ తెల్లవారుజామున లైమన్ జూయెట్ దంపతులును, కొందరు తెలుగు క్రైస్తవులును ఒంగోలు కొండమీద ప్రార్థించిరని ఆ సంఘమువారు నేటికిని చెప్పుకొందురు. 1866లో జాన్ ఎవరెట్ క్లౌ ఒంగోలునకు వచ్చి నిలిచెను.

క్లౌ రాకమునుపే విశ్వాసము మొలకెత్తిన మనుష్యుడొకడు కలడు. యర్రగుంట్ల పేరయ్య మాదిగ కులస్థుడు, తోళ్ల వ్యాపారి. దేవుని వెదకుచు గురువుల నాశ్రయించి యోగము నభ్యసించినవాడు. వ్యాపారముమీద ఉత్తరాదికి పోయినప్పుడు క్రీస్తును గూర్చి విని, 1866లో భార్య నాగమ్మతో కూడ బాప్తిస్మము పొందెను. పిదప తానెరిగిన యోగుల, శిష్యుల, బంధువుల నడుమ ఊరూర తిరిగి బోధించెను. ఈ సంగతి ఒత్తి చెప్పుట యెందుకనగా, ఒంగోలు ప్రాంతపు మాదిగల క్రైస్తవ ప్రవేశమునకు కరవే ఆదియని పలువురు తలచుచున్నారు. అది సరికాదు. పేరయ్యకును కరవునకును నడుమ పది సంవత్సరములు గలవు. ఆ పదియేండ్లలో చేరినవారు వేలసంఖ్యలో నుండిరి. వారిని కలుపుకొన్నచో పైకులములవారు రారను హెచ్చరిక క్లౌకు మొదటనే అందెను; ఐనను అతడు వెనుదీయలేదు.

1876 నుండి 1878 వరకు చెన్నరాజధానిని పీడించిన కరవును మన పెద్దలు ధాత కరవని చెప్పుకొనిరి. లక్షలాది జనులు మడిసిరి. సహాయపు పనులలో కూలికి రోజునకు ఒక పౌను ధాన్యమును, దానితో అల్పమైన రొక్కమును చాలునని సర్ రిచర్డ్ టెంపుల్ 1877లో విధించిన కొలత అపకీర్తికి గురియయ్యెను. ఆ కాలమున తీరము వెంబడి పడవల కాలువను పొడిగించు పని ప్రభుత్వము చేపట్టెను. గవర్నరు బకింగుహాము ప్రభువు పేర దానికి బకింగుహాము కాలువ అని పేరు వచ్చినది. నేడు చెన్నైవాసులైన తెలుగువారు ముక్కు మూసికొని వంతెన దాటు ఆ కాలువయే! దాని ఉత్తర భాగమున మూడున్నర మైళ్ల త్రవ్వకమును క్లౌ గుత్తకు తీసికొనెను. మతబోధకునకు మట్టిపని యెందుకనినచో, అతడు యౌవనమున అమెరికాలో భూమికొలతల ఉద్యోగము చేసినవాడు. గొలుసు పట్టుట, మట్టము చూచుట అతనికి తెలియును. పనికి వచ్చినవారిని కులమతములడుగక కూలి యిచ్చెను. అతని ప్రసంగీకులే మేస్త్రీలై కూలీలను నడిపిరి. విశ్రాంతి వేళలలో వారు కూలీలకు క్రీస్తు మాటలు చెప్పుచుండిరి. ప్రయాసపడి భారము మోయువారిని తనయొద్దకు పిలిచిన క్రీస్తు మాటను మరిమరి వినిపించిరట. గంపలు మోయువారికి దానికన్న దగ్గరి మాట మరి యేది?

ఇచ్చటనే విమర్శకుడు నిలిచి ప్రశ్నించును. కూలి యిచ్చు చేయియు, బోధించు నోరును ఒకటే యైనప్పుడు, ఆకలిగొన్నవానికి స్వేచ్ఛ యెక్కడిది? ఈ ప్రశ్న న్యాయమైనది. దీనిని శత్రువుల దూషణమని కొట్టివేయుట మంచిది కాదు. క్లౌ తానే దీనిని గుర్తించెననుటకు అతని నడవడియే సాక్ష్యము. కరవుపని సాగినంతకాలము, సుమారు పదునైదు నెలలపాటు, అతడు ఒక్కనికైనను బాప్తిస్మమీయలేదు. అడిగినవారు లేక కాదు. అడిగినవారిని త్రిప్పి పంపెను. సహాయపు పనులు ముగిసిన పిదప కూడ, ఇక పంచుటకు డబ్బు లేదని తన ప్రసంగీకులద్వారా ఊరూర తెలియజేసెను. 1878 జూను మాసమున ఒంగోలునకు ఉత్తరముగా పదిమైళ్ల దూరమున గుండ్లకమ్మ యొడ్డుననున్న వెల్లంపల్లికి జనులు గుంపులు గుంపులుగా చేరిరి. మీకిచ్చుటకు నాయొద్ద ఏమియు లేదు, మరలిపొండని అతడు చెప్పిన మాటకు వారిచ్చిన జవాబును క్లౌ తన స్మృతులలో వ్రాసియున్నాడు. తాము ధర్మము తినలేదనియు, గంపలు మోసి చేతులు బొబ్బలెక్క పనిచేసి బ్రదికితిమనియు, మరల పంట పోయి చావవలసి వచ్చినచో క్రైస్తవులుగానే చత్తుమనియు వారనిరట. జూలై 2వ తేదీన 614 మందియు, 3వ తేదీన 2,222 మందియు, 4వ తేదీన 700 మందియు ఆ నదిలో బాప్తిస్మము పొందిరి. ఆరుగురు తెలుగు ప్రసంగీకులు ఇద్దరిద్దరు చొప్పున నీటిలో నిలిచి, ఒక జత అలసినప్పుడు మరియొక జత దిగుచు, ఒక్కొక్కరిని పేరుపేరున పిలిచి ఆ పని చేసిరి. అంతమంది ఒక్కమారుగా చేరుట చూచి శంకించినవారు మిషనరీలలోనే లేకపోలేదు.

క్లౌ గీచిన ఆ పదునైదు నెలల ఎడమునందే ఈ వ్యాసపు ప్రశ్నకు ముఖ్యమైన భాగము కలదు. ప్రేమకు ప్రతిఫలముగా విశ్వాసమును పుచ్చుకొనుట బేరము. బేరమైన వెంటనే ప్రేమ కూలియగును, విశ్వాసము రసీదగును. అన్నమును ముందిచ్చి, విశ్వాసమును అడుగక, అడుగవచ్చినవారిని సైతము ఆపుట ఆ రెంటిని ఒకదానినుండి యొకటి విడదీసి రెంటి మానమును కాపాడుటయే. పోపు 16వ బెనడిక్టు 2005లో ప్రేమను గూర్చి వ్రాసిన పరిపత్రమున సరిగా ఈ మాటయే చెప్పెను: ప్రేమ ఉచితము, దానిని మతవ్యాప్తికి సాధనముగా వాడరాదు. నూట యిరువదియేండ్లకు పైగా ముందే ఒక మట్టిగుత్తేదారు దానిని ఆచరణలో పెట్టెను.

ఐనను ఆ జనుల విశ్వాసము శుద్ధమేనా? కృతజ్ఞత, బంధువుల వెంట నడచుట, ఊరిలో దొరకని గౌరవము దొరకునను ఆశ, ఇవన్నియు అందు కలిసియే యుండెనని చరిత్రకారులు చెప్పుదురు. కలిసియుండవచ్చును. ఏ మతమున ఏ మనుష్యుని విశ్వాసము వడగట్టిన నీరు? యోహాను సువార్త 6వ అధ్యాయమున యేసు ఐదువేలమందికి రొట్టెలు పెట్టెను. మరునాడు వెదకుచు వచ్చినవారితో, మీరు రొట్టెల కొరకే వచ్చితిరని నిష్ఠురముగా పలికెను. కఠినమైన బోధ విని వారిలో పలువురు వెడలిపోయిరి. కూటి క్రైస్తవులను మాటకు మూలము అచ్చటనే కలదు. కాని రొట్టెలు పెట్టుటకు ముందు ఆయన వారి ఉద్దేశములను పరీక్షింపలేదనుటయు అచ్చటనే కలదు. వెడలినవారెవరో, నిలిచినవారెవరో పిదప తేలినది.

వెల్లంపల్లిలో దిగినవారు నిలిచిరా యనునది కనుక చూడవలసిన విషయము. వారికి క్లౌ పెట్టిన నియమములు మూడు: ఆదివారము పనిచేయరాదు, చచ్చిన పశువుల మాంసము తినరాదు, విగ్రహములను పూజింపరాదు. చదువుటకు ఇవి తేలికగా కనబడును. ఊరిలో ఇవి ఎంతటి తిరుగుబాటో నాటి వెట్టిచాకిరి నెరిగినవారికే తెలియును. జాతరలో డప్పు కొట్టమన్నచో కొట్టమనిరి. కోతల కాలమున ఆదివారము పనికి రామనిరి. అందుకై దెబ్బలు తినిరి, పని పోగొట్టుకొనిరి, కొన్ని ఊళ్లలో నీరు దొరకక అలమటించిరి. కూటికొరకు చేరినవారు కూడు పోవునప్పుడు విడిచిపోవలెను గదా! జ్ఞాపకహేతువన్న మాట ఇచ్చట మరల పనికి వచ్చును. గుండ్లకమ్మలో మునుగుట కన్న, కూలి పోయిన పిదప నిలుచుటయే వారి విశ్వాసమునకు పొగ.

స్వతంత్ర భారతమున ఈ నింద మరింత విచిత్రమైనది. 1950 నాటి షెడ్యూల్డు కులముల ఉత్తర్వు ఆ సౌకర్యములను హిందువులకు పరిమితము చేసెను. 1956లో సిక్కులకును, 1990లో బౌద్ధులకును అవి వర్తింపజేయబడినవి. క్రైస్తవులకు ఆ సడలింపు కలుగలేదు. ఆంధ్రదేశమున వారిని వెనుకబడిన తరగతులలో ‘సి’ వర్గముగా చేర్చి స్వల్పభాగ మిచ్చిరి. అనగా తాను క్రైస్తవుడనని కాగితముమీద వ్రాయు దళితుడు పొందునది లేదు, పోగొట్టుకొనునది కలదు. కూడు ఏ పక్షమున నున్నది? ఇందువలన కలిగిన మరియొక ఫలమును దాచరాదు: గుడిలో ఒక పేరు, బడిలో ఒక పేరు పెట్టుకొను కుటుంబములు పుట్టినవి. పిల్లల చదువునకై తండ్రి చేయు ఈ పని ప్రేమయే. విశ్వాసమును ఒప్పుకొనుట యను ధర్మమునకు అది ఎదురు నిలుచుచున్నది. ప్రేమయు విశ్వాసమును సదా చేయిచేయి పట్టుకొని నడచునని చెప్పు ప్రసంగములు ఈ తండ్రి ఇంటిముందు కొంచెము తడబడవలసి వచ్చును.

సంఘముల లోపలి లోపము దీనికన్న పెద్దది. మాలలు హెచ్చుగానున్న సంఘములు వేరు, మాదిగలు హెచ్చుగానున్న సంఘములు వేరుగా ఏర్పడి, ఒకే క్రీస్తును కొలుచు రెండు పల్లెలవారు ఒకరి యింట ఒకరు పిల్లనీయక తరములు గడచినవి. పైకులములనుండి వచ్చినవారిలో కొందరు వీరిరువురి ప్రక్కను కూర్చుండుటకే వెనుకాడిరి. విశ్వాసము వచ్చినది, అది ప్రేమగా మారుట మాత్రము వాకిటనే ఆగినది. యాకోబు నేడు వ్రాసినచో బట్టలేని సహోదరుని మాట తరువాత చెప్పి, సంబంధము కలుపుకొనని సహోదరుని మాట ముందు వ్రాసియుండునేమో.

ప్రేమ లేని సేవను గూర్చి అత్యంత సూటిగా పలికిన భారతీయుడు తిరునల్వేలి మండలమున 1874లో జన్మించిన తమిళుడు, వేదనాయకము శామ్యూల్ అజరయ్య. 1909లో నైజాము రాజ్యములోని దోర్నకల్లునకు మిషనరీగా వచ్చి తెలుగు నేర్చి, 1912లో ఆంగ్లికను సంఘమున తొలి భారతీయ బిషప్పు అయ్యెను. తెలుగువారు తమిళదేశమున స్థిరపడిన చరిత్ర మనకు సుపరిచితమే. తమిళుడొకడు తెలుగు పల్లెలలో తన జీవితమును ధారపోసిన చరిత్రయు మనకు చెందినదే. 1910లో ఎడింబరో నగరమున జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో అతడు ప్రసంగించుచు, పాశ్చాత్య మిషనరీల త్యాగమును కొనియాడెను. వారు ఆస్తిని బీదలకిచ్చిరి, దేహములను అర్పించిరి. పౌలు లెక్కలో ఇవన్నియు ప్రేమ లేకయు చేయదగినవే గనుక, భారతీయులు వారినుండి కోరునది స్నేహమని అతడు ముగించెను. అతిథులై వచ్చి దయ చూపువారు కాదు, ప్రక్కన కూర్చుండు స్నేహితులు కావలెనన్నాడు. సభ నిశ్చేష్టమైనది, కొందరు నొచ్చుకొనిరి. కొరింథీయుల పత్రిక 13వ అధ్యాయమును అంత సమయోచితముగా వాడిన ప్రసంగము మరియొకటి అరుదు.

1930 దశకమున సామూహిక మతాంతరములను గాంధీ మహాత్ముడు తీవ్రముగా విమర్శించినప్పుడు అజరయ్య మరల వాదమున దిగవలసి వచ్చెను. హరిజనులు విచక్షణలేక మారుచున్నారను మాట ఆ జనుల వివేకమును తక్కువ చేయుటయని అతని పక్షము. ఆ వాదము తేలలేదు. మహాత్ముని శంకయు నిర్మూలము కాదు. కాని దోర్నకల్లు ప్రాంతమున ఆ కాలముననే వేరొక పరిణామము నడచినది. మాల మాదిగ పల్లెలలో త్రాగుడు తగ్గి, శుభ్రతయు చదువును పెరుగుట చూచి పైకులముల రైతులు కొందరు అదే మతమున చేరిరి. వారికి ఎవరును కరవుకూలి ఇచ్చియుండలేదు.

అజరయ్య తన సంఘములకు నేర్పిన ముఖ్యమైన పాఠము ఇచ్చుట. బీదలు పుచ్చుకొనుటకే పుట్టినవారను భావమును అతడు ఒప్పుకొనలేదు. కోత ముగిసిన పిదప ధాన్యము, కోళ్లు, గుమ్మడికాయలు మోసికొని వచ్చి ఆరాధనలో అర్పించు పండుగ తెలుగు సంఘములలో వేళ్లూనెను. దానితోపాటు ఇంటింట మరియొక అలవాటు ఏర్పడెను. పూట పూటకు ఎసటిలో పోయుటకు ముందు, కొలిచిన బియ్యమునుండి ఇల్లాలు ఒక పిడికెడు తీసి వేరొక కుండలో వేయును. ఆదివారము ఆ కుండ గుడికి పోవును. అచ్చట పోగైన బియ్యము ఉపదేశకుని జీతమునకును, తిండిలేని ఇండ్లకును పోవును. కరవునాటి కూలీల మనుమలు, మునిమనుమలు పట్టణములకు వలసపోయినప్పుడు ఈ పిడికెడు బియ్యము వారి వెంట పోయినది. బియ్యమునకు మారుగా చిల్లర వేయు డబ్బా వచ్చిన ఇండ్లలో సైతము దానిని నేటికిని పిడికెడు బియ్యమనియే పిలుచువారు కలరు.